పక్కవాద్యం చేతిలో పగ్గాలు: హెన్రీ గ్రైమ్స్ త్రయం ‘ది కాల్’

1965 డిసెంబర్ 24న న్యూయార్క్‌లో కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యం) వాద్యకారుడు డాన్ చెర్రీ బ్లూ నోట్ సంస్థ కోసం ‘కంప్లీట్ కమ్యూనియన్’ అనే ఆల్బమ్ రికార్డు చేశారు. అందులో బేస్ వాయించినవారు హెన్రీ గ్రైమ్స్. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏళ్ళు. సరిగ్గా నాలుగు రోజుల తరవాత, డిసెంబర్ 28న, అదే నగరంలో గ్రైమ్స్ మొదటిసారి తన పేరు మీద ఒక ఆల్బమ్ రికార్డు చేశారు. క్లారినెట్, బేస్, డ్రమ్స్ అనే మూడే వాద్యాలు, ఆరు రచనలు. ఇఎస్‌పీ-డిస్క్ అనే చిన్న సంస్థ దాన్ని 1966లో ‘ది కాల్’ అన్న పేరుతో విడుదల చేసింది.

ముందే నిర్ణయమైన చక్రాలకు కట్టుబడకుండా అప్పటికప్పుడు అల్లుకునే ఫ్రీ జాజ్ చరిత్రలో ఈ ఆల్బమ్ ప్రస్తావన తరచుగా ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తుంది. ఆ తరవాత గ్రైమ్స్ జీవితంలో వచ్చిన మలుపు ఎంత అసాధారణమైనదంటే, కథ ముందుకు వచ్చి సంగీతం వెనక్కి వెళ్ళిపోయింది. ఆ వరసను తిరగేసి ముందు సంగీతాన్ని చూడడం అవసరం. జాజ్ బృందంలో బేస్ అంటే పక్కవాద్యం. వెనక నిలబడి మిగిలినవారిని మోసే వాద్యం. దాన్ని వాయించేవారే బృందానికి నాయకులైనప్పుడు ఆ నాయకత్వం చెవికి ఎక్కడ తెలుస్తుంది? ఎక్కువసేపు ఒంటరిగా వాయించడంలోనా? ‘ది కాల్’ను శ్రద్ధగా వింటే వేరొక జవాబు దొరుకుతుంది. గ్రైమ్స్ నాయకత్వం మిగతా ఇద్దరి కాళ్ళ కింద నేలను వేయడంలోనూ, ఆ నేలను అవసరమైనప్పుడు కదపడంలోనూ ఉంది. అంతకంటే ముందు, ఆ నేల మీద నిలబడడానికి ఏ వాద్యాన్ని పిలవాలన్న ఎంపికలోనే ఉంది.

బేస్ చేసే పని ఏమిటో తెలిస్తే తప్ప ఈ మాట స్పష్టం కాదు. డబుల్ బేస్ మనిషి ఎత్తును మించిన వాద్యం. దానికి నాలుగు తీగలుంటాయి. అన్నిటికంటే మంద్రమైన తీగ సెకనుకు సుమారు 41 కంపనాల దగ్గర పలుకుతుంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో దాన్ని ప్రధానంగా కమానుతో వాయిస్తే, జాజ్‌లో ప్రధానంగా వేళ్ళతో మీటుతారు. 1930ల నాటికి అక్కడ దానికి ఒక పని స్థిరపడింది. ప్రతి లెక్కకూ ఒక స్వరం చొప్పున, అడుగు తరవాత అడుగు వేసినట్టు సాగడం వల్ల దానికి ‘వాకింగ్ బేస్’ అన్న పేరు వచ్చింది. ఆ నడక ఒకేసారి రెండు సంగతులు చెబుతుంది. తాళం ఎక్కడుందో చెబుతుంది. ఆ క్షణాన రచన ఏ స్వరగుచ్ఛం మీద, అంటే ఏ కార్డ్ మీద నిలబడి ఉందో అట్టడుగు స్వరంతో చెబుతుంది.

కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవికి, తంబురా పనిలో కొంత, మృదంగం పనిలో కొంత తీసి ఒకే మనిషి చేతిలో పెట్టినట్టు ఇది తోస్తుంది. కాని తంబురా శ్రుతి కచేరీ అంతా కదలదు. గాయకుడి ధైర్యమంతా ఆ కదలకపోవడంలోనే ఉంది. జాజ్ బేస్ వేసే నేల కార్డ్ మారినప్పుడల్లా మారుతూనే ఉంటుంది. అయితే ఆ మార్పు ముందే నిర్ణయమైన వరసలో, పన్నెండు లేదా ముప్పైరెండు బార్ల (కొన్ని లెక్కలతో కూడిన చిన్న భాగాల) చక్రంగా తిరుగుతుంది. ఆవర్తనం పూర్తయి మళ్ళీ సమానికి చేరినట్టే, చక్రం పూర్తయి మళ్ళీ మొదటి కార్డ్‌కు వస్తుంది. ఎంత దూరం వెళ్ళినా ఇల్లు ఎక్కడుందో అందరికీ తెలిసే ఉంటుంది.

ఫ్రీ జాజ్ తీసివేసింది ఈ చక్రాన్నే. సాక్సోఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ 1960 డిసెంబర్ 21న రెండు చతుష్టయాలను, అంటే నలుగురేసి వాద్యకారుల బృందాలను, ఒకేచోట నిలబెట్టి, సుమారు 37 నిమిషాలపాటు సాగే సామూహిక మనోధర్మాన్ని రికార్డు చేశారు. మరుసటి ఏడాది అట్లాంటిక్ సంస్థ విడుదల చేసిన ఆ ఆల్బమ్ పేరు ‘ఫ్రీ జాజ్’. తరవాత అదే ఒక ధోరణికి పేరయింది. అందులో ఇద్దరు బేసిస్టులున్నారు: చార్లీ హేడెన్, స్కాట్ లఫారో. ఈ సంగతి యాదృచ్ఛికమని అనుకోవడానికి లేదు. కార్డ్‌ల వరసను తీసేశాక నేల ఎవరు వేస్తారన్న ప్రశ్న మొదట ఎదురయ్యేది బేస్ వాయించేవారికే.

ఇక్కడ తెలుగు శ్రోతకు రాగాలాపన గుర్తురావడం సహజం. ఆలాపనలోనూ తాళం లేదు. లయ లోలోపల ఉంటుంది. తానంలో ఆ లోపలి లయ కొంచెం పైకి వస్తుంది. కాని రాగ లక్షణం ఆలాపనను అడుగడుగునా కాపాడుతుంది: ఆరోహణ అవరోహణలు, జీవస్వరాలు, ఆధారషడ్జం. 1965 నాటి న్యూయార్క్ ఫ్రీ జాజ్‌లో అటువంటి కాపుదల ముందే ఏర్పడి ఉండదు. వాయిస్తున్నవారు ఒకరినొకరు వినడం ద్వారా అప్పటికప్పుడు దాన్ని నిర్మించుకోవాలి. అందువల్ల అందులో ఏదైనా చెల్లుతుందని అనుకోవడం పొరపాటు. ఎవరు ఏది వాయించినా ఆ తరవాతి క్షణానికి అది కట్టుబాటుగా మారుతుంది కనుక, చెల్లనివి ఎక్కువే ఉంటాయి.

బేస్ బాధ్యత ఈ స్థితిలో తగ్గకపోగా పెరుగుతుంది. బేస్ ఒక స్వరం దగ్గర కాసేపు నిలిస్తే అదే అప్పటికి షడ్జమైపోతుంది. పైన క్లారినెట్ పట్టుకున్న స్వరం మారకుండానే, కింద బేస్ మరో స్వరానికి జరిగితే, పై స్వరానికి అర్థం మారిపోతుంది. గ్రహభేదం చేసి చూపించే విద్వాంసుడు షడ్జాన్ని జరిపి అదే స్వరాలలో మరో రాగాన్ని వినిపిస్తాడు. ఈ సంగీతంలో ఆ జరపడం ప్రదర్శన కోసం ఒకసారి చేసే చమత్కారంగా ఉండదు. అది బేసిస్టు నిరంతరం చేసే పని. పైవాద్యం వాయించేవారు ఆ కదలికను విని అంగీకరించవచ్చు, ఎదిరించవచ్చు, పట్టించుకోకుండా ఉండలేరు. పక్కవాద్యం చేతికి పగ్గాలు వచ్చే చోటు ఇదే.

ఈ పనికి గ్రైమ్స్ ఎలా తయారయ్యారన్నది ఆసక్తికరమైన విషయం. ఆయన 1935 నవంబర్ 3న ఫిలడెల్ఫియాలో పుట్టారు. పన్నెండేళ్ళ వయసులో వయొలిన్‌తో మొదలుపెట్టి, ట్యూబా, ఇంగ్లీష్ హార్న్, తాళవాద్యాల మీదుగా డబుల్ బేస్‌కు వచ్చారు. ఆ నగరంలోని మాస్ట్‌బామ్ వృత్తివిద్యా పాఠశాలలోనూ, తరవాత న్యూయార్క్‌లోని జూలియార్డ్‌లోనూ చదివారు. కమాను చేతిలో పట్టుకున్నప్పుడు ఆయనలో కనిపించే భరోసాకు ఈ వయొలిన్ బాల్యం కారణమని చెప్పవచ్చు. అప్పటి జాజ్ బేసిస్టుల్లో చాలామందికి కమాను అంటే రచన చివర ఒక దీర్ఘస్వరం లాగడానికి పనికివచ్చే పరికరం. గ్రైమ్స్‌కు అది వేళ్ళతో సమానమైన రెండో గొంతు.

1958 న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో ఆయన బెన్నీ గుడ్‌మన్, లీ కొనిట్జ్, థెలోనియస్ మంక్, సానీ రోలిన్స్, టోనీ స్కాట్ వంటి ఒకరికొకరు పోలికలేని నాయకుల పక్కన వాయించారు. మంక్, రాయ్ హేన్స్‌లతో ఆయన వాయిస్తున్న దృశ్యం బెర్ట్ స్టర్న్ తీసిన ‘జాజ్ ఆన్ ఎ సమ్మర్స్ డే’ డాక్యుమెంటరీలో ఉంది. అప్పుడు ఆయన వయసు ఇరవైరెండు. 1930ల నాటి స్వింగ్ జాజ్ తరం నుంచి ఆధునికుల వరకు అందరూ పిలిచారంటే, ఎవరి నేల ఎలా ఉండాలో గ్రహించే శక్తి ఆయనకు అప్పటికే ఉందన్నమాట.

ఆయన తొలి అనుభవంలో మరో అంశం ‘ది కాల్’కు నేరుగా దారితీసింది. గ్రైమ్స్ మొదట పేరు తెచ్చుకున్న బృందాల్లో రెండు, పియానోను వదులుకున్న నాయకులవి. సాక్సోఫోన్ వాద్యకారుడు జెరీ మల్లిగన్ 1952లోనే పియానో లేని చతుష్టయంతో ప్రసిద్ధులయ్యారు. సానీ రోలిన్స్ 1957 నుంచి సాక్సోఫోన్, బేస్, డ్రమ్స్‌తో మాత్రమే వాయించే పద్ధతిని ఒక శిఖరానికి తీసుకువెళ్ళారు. 1959లో యూరప్ పర్యటనకు బయలుదేరినప్పుడు ఆ త్రయంలో బేస్ గ్రైమ్స్‌దే. పియానో లేకపోతే కార్డ్‌లను పూర్తిగా వినిపించేవారు ఉండరు. బేస్ వేసే ఒక్కొక్క స్వరం నుంచే శ్రోత మిగతా కార్డ్‌ను ఊహించుకోవాలి. ఆ స్వరం తప్పితే కప్పిపుచ్చేవారు లేరు; ఆ స్వరం సాహసం చేస్తే అడ్డుపడేవారూ లేరు. ఫ్రీ జాజ్ అన్న మాట వాడుకలోకి రాకముందే గ్రైమ్స్ ఈ బట్టబయలులో ఏళ్ళ తరబడి నిలబడ్డారు. 1963 ప్రారంభంలో రోలిన్స్, డాన్ చెర్రీ, బిల్లీ హిగ్గిన్స్‌లతో కలిసి ఆయన మళ్ళీ యూరప్‌లో వాయించినప్పటికి, రోలిన్స్ కూడా చక్రాలను సడలించడం మొదలుపెట్టారు. సంప్రదాయం నుంచి స్వేచ్ఛకు గెంతిన మనిషిగా గ్రైమ్స్‌ను చూపే వర్ణనలు సరికావు. ఆయన మెట్లు దిగుతూ వచ్చారు.

1964, 65 నాటికి సిసిల్ టేలర్, ఆల్బర్ట్ ఐలర్, ఆర్చీ షెప్‌ల వంటి ఫ్రీ జాజ్ నాయకులకు అవసరమైన బేసిస్టుగా ఆయన స్థిరపడ్డారు. ఐలర్ ‘స్పిరిట్స్ రిజాయిస్’ను 1965 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లోని జడ్సన్ హాల్‌లో రికార్డు చేసినప్పుడు గ్యారీ పీకాక్‌తో పాటు రెండో బేసిస్టుగా ఉన్నది గ్రైమ్స్. అదే ఏడాది నవంబర్ 11న సాక్సోఫోన్ వాద్యకారుడు ఫ్రాంక్ రైట్ ఇఎస్‌పీ-డిస్క్ కోసం తన మొదటి ఆల్బమ్ రికార్డు చేశారు. అదీ త్రయమే. బేస్ గ్రైమ్స్, డ్రమ్స్ టామ్ ప్రైస్.

ఆ రికార్డింగును ‘ది కాల్’ పక్కన పెట్టి వింటే నాయకత్వం అన్న ప్రశ్నకు దాదాపు ప్రయోగశాలలో దొరికినంత శుభ్రమైన జవాబు దొరుకుతుంది. బేస్ అదే, డ్రమ్స్ అవే, సంస్థ అదే, నగరం అదే; మధ్య దూరం ఏడు వారాలైనా లేదు. మారినవి రెండే: పైవాద్యం, నాయకుడు. ఫ్రాంక్ రైట్ ఆల్బమ్‌లో మూడే రచనలున్నాయి. టెనర్ సాక్సోఫోన్ అరుపు, ఊపిరి, కేక అన్నిటినీ నింపుతూ పోతుంది. బేస్ ఆ ప్రవాహం కింద పరుగెత్తుతుంది. ‘ది కాల్’లో రచనలు ఆరు. వీటిలో గ్రైమ్స్ రాసినవీ ఉన్నాయి, క్లారినెట్ వాద్యకారుడు పెరీ రాబిన్సన్ రాసినవీ ఉన్నాయి. రచనల సంఖ్య రెట్టింపు కావడం చిన్న లెక్కలా కనిపించినా, అది ఒక నిర్ణయం. ఒకే పెద్ద మంట కాకుండా ఆరు వేర్వేరు గదులు కట్టాలన్నది ఆ నిర్ణయం. ప్రతి గదికీ పాడుకోదగిన ఒక పల్లవి లాంటి ప్రవేశం ఉంటుంది. అక్కడినుంచి ముగ్గురూ లోపలికి వెళతారు.

అన్నిటికంటే పెద్ద నిర్ణయం మాత్రం క్లారినెట్. 1930ల స్వింగ్ యుగంలో బెన్నీ గుడ్‌మన్, ఆర్టీ షా చేతుల్లో జాజ్‌కు ముఖచిత్రంలా ఉన్న ఈ వాద్యం, 1940లలో వచ్చిన వేగవంతమైన, చిక్కని బీబాప్ ధోరణి తరవాత దాదాపు కనుమరుగైంది. సాక్సోఫోన్ శబ్దానికి ఉన్న దళసరితనం, డ్రమ్స్‌ను దాటి వినిపించే బలం దానికి లేవన్నది ఒక కారణం. 1965 నాటి న్యూయార్క్ ఫ్రీ జాజ్‌లో పైవాద్యమంటే ఎక్కువగా సాక్సోఫోనే. ఆ వాతావరణంలో తన మొదటి ఆల్బమ్‌కు బేసిస్టు క్లారినెట్‌ను ఎంచుకోవడం వెనక పాత స్నేహం ఉంది. రాబిన్సన్ 1962లో సవోయ్ సంస్థ కోసం చేసిన ‘ఫంక్ డంప్లింగ్’ ఆల్బమ్‌లో పియానో మీద కెనీ బ్యారన్, డ్రమ్స్ మీద పాల్ మోషన్ ఉండగా, బేస్ గ్రైమ్స్ వాయించారు. అందులో ‘ఫార్మర్ ఆల్ఫాల్ఫా’ అనే రచన ఉంది. ‘ది కాల్’లో ‘సన్ ఆఫ్ ఆల్ఫాల్ఫా’ ఉంది. మూడేళ్ళ తరవాత ఆ రైతుకు కొడుకు పుట్టినట్టు పెట్టిన ఈ పేరులో ఇద్దరి మధ్య సాగుతూ వచ్చిన సంభాషణ కనిపిస్తుంది.

స్నేహం ఒక్కటే కారణమని చెప్పి వదిలేస్తే సంగీతానికి అన్యాయం జరుగుతుంది. మన ఊళ్ళ బ్యాండుమేళాల్లో క్లారినెట్‌ను విన్నవారికి దాని పై స్థాయిలోని పదును బాగా తెలుసు. దాని కింది స్థాయి మాత్రం అంత సందడిలో వినిపించదు. ఒక వైపు మూసిన గొట్టంలా పనిచేయడం వల్ల క్లారినెట్ మంద్రంలో డొల్లగా, కొయ్య లోపలినుంచి వచ్చినట్టు, ఇంచుమించు మనిషి మూలుగులా పలుకుతుంది. దాని అట్టడుగు స్వరం సెకనుకు సుమారు 147 కంపనాల దగ్గర ఉంటుంది. బేస్ పైతీగ మీద కమానుతో పైకి ఎక్కితే ఆ ప్రాంతంలోకే చేరుతుంది. అంటే క్లారినెట్ కిందికి దిగి, బేస్ పైకి ఎక్కితే, రెండు వాద్యాలూ ఒకే మెట్టు మీద కలుస్తాయి. రెండూ కొయ్య వాద్యాలే. ఒకదాన్ని ఊపిరి పలికిస్తుంది, రెండోదాన్ని కమాను. రెండింటిలోనూ స్వరం తెగకుండా సాగుతుంది. పక్కవాద్యం, ప్రధానవాద్యం అన్న హద్దు చెరగడానికి ఇంతకంటే మంచి జత దొరకడం కష్టం. టెనర్ సాక్సోఫోన్ ముందు నిలబడితే బేస్ ఎంత గొప్పగా వాయించినా చెవి వెనక్కే నెడుతుంది. క్లారినెట్ ఉన్నందువల్ల బేస్ గొంతు పెంచకుండానే వినిపించింది. తనకు చోటు కావలసిన నాయకుడు ఇతరులను తగ్గమని అడగకుండా, సహజంగానే చోటు మిగిల్చే వాద్యాన్ని పిలిచారు. ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే తెలివైన పని ఇదేనని అనిపిస్తుంది.

రాబిన్సన్ ఆ చోటును బాధ్యతతో వాడుకున్నారు. ‘బ్యాలడ్ ఫర్ అమెరికన్స్’ వంటి రచనలతో పేరుపొందిన స్వరకర్త ఎర్ల్ రాబిన్సన్ కుమారుడైన ఆయన వాయిద్యంలో జానపద గీతపు సూటిదనం తరచుగా పలుకుతుంది. ఎంత విడివడిన చోట కూడా వాక్యం మొదలు, తుది తెలుస్తాయి. తరవాత ఆయన చార్లీ హేడెన్ ‘లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా’లో వాయించారు; తబలా వాద్యకారుడు బాదల్ రాయ్‌తో కలిసి కూడా పనిచేశారు. టామ్ ప్రైస్ డ్రమ్స్ గురించి చెప్పవలసింది తక్కువే అయినా ముఖ్యమైనదే. లెక్క కట్టే పని మానుకుని, సింబల్స్‌తో (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్ళాలతో) గాలిలాంటి ఒరవడిని నిలిపి ఉంచుతారు. బేస్ మీదకు ఎక్కకుండా ఉండడమే ఆయన ఇక్కడ చేసిన ఉపకారం.

గ్రైమ్స్ చేతి పని మూడు తీరులుగా వినిపిస్తుంది. ఒకటి, వేళ్ళతో అతివేగంగా మీటడం. అప్పుడు స్వరాలు విడివిడిగా కాక గుంపులుగా, దొర్లే రాళ్ళలా వినిపిస్తాయి. శ్రుతి కంటే కదలిక ముఖ్యమవుతుంది. రెండు, కమానుతో తీసే ముదురు, మందమైన ధ్వని. కమాను ఒత్తిడి పెంచినప్పుడు స్వరం గరుకెక్కి, స్వరానికీ శబ్దానికీ మధ్య గీత చెరుగుతుంది. మూడు, నడక. వాకింగ్ బేస్ నీడ ఈ ఆల్బమ్ నుంచి పూర్తిగా పోలేదు. ఉన్నట్టుండి కొన్ని అడుగులు వేసి, శ్రోత పాదం కదిలే లోపల, మళ్ళీ విడిపోతుంది. ఈ మూడింటిలో ఒకదానినుంచి ఇంకొకదానికి మారే క్షణాలే అసలైన నాయకత్వం. గ్రైమ్స్ కమాను తీసుకోగానే క్లారినెట్ వాక్యాలు పొడవవుతాయి. వేళ్ళకు తిరిగి రాగానే చిన్న ముక్కలవుతాయి. చేతితో సైగ చేయనక్కరలేదు.

‘ఫర్ జాంగో’ ఆల్బమ్‌లో అన్నిటికంటే పొడవైన రచన. జాంగో అనగానే జాజ్ శ్రోతకు 1953లో మరణించిన గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ గుర్తొస్తారు. గిటార్ కార్డ్‌లు పలికించే వాద్యం. ఈ త్రయం పట్టుబట్టి వదిలేసింది సరిగ్గా ఆ పనినే. ఒకసారికి ఒక్క స్వరమే పలికే రెండు వాద్యాలు గిటారిస్టు పేరు తలుచుకోవడంలో ఒక నిశ్శబ్దమైన అందం ఉంది. కార్డ్ లేనిచోట కార్డ్ జ్ఞాపకం మిగులుతుంది. ఈ సంగీతం గతాన్ని తెగనరికిందని అనుకునేవారు ముందుగా వినవలసిన రచన ఇది. మిగతా పేర్లలో ‘ఫిష్ స్టోరీ’, ‘వాక్ ఆన్’, ‘సాటర్డే నైట్ వాట్ ద్’ ఉన్నాయి. అప్పటి ఫ్రీ జాజ్ ఆల్బమ్‌లలో ఆత్మలు, దేవదూతలు, సత్యం, ఐక్యత వంటి పేర్లు నిండి ఉండగా, ఇవి వీధిలో, అరుగు మీద వినిపించే మాటలు. ఆల్బమ్ స్వభావానికి ఇవే సరైన పేర్లు. ఎక్కువమంది ఆకాశం వైపు చూస్తున్న కాలంలో ఈ ముగ్గురూ నేల మీద కూర్చుని మాట్లాడుకున్నారు.

ఇటువంటి ఆల్బమ్ రావడానికి ఇఎస్‌పీ-డిస్క్ వంటి సంస్థ అవసరమైంది. న్యూయార్క్ న్యాయవాది బెర్నార్డ్ స్టోల్మన్ దాన్ని స్థాపించారు. ఆయన ఎస్పెరాంటో అనే కల్పిత అంతర్జాతీయ భాషకు అభిమాని కనుక సంస్థ పేరు కూడా ఆ భాష నుంచే వచ్చింది. ఐలర్ త్రయం 1964 జూలై 10న రికార్డు చేసిన ‘స్పిరిచువల్ యూనిటీ’ ఆ సంస్థకు జాజ్ ప్రపంచంలో పేరు తెచ్చింది. వినేదేమిటో నిర్ణయించేది కళాకారులు మాత్రమేనన్న వాక్యాన్ని సంస్థ తన రికార్డుల మీద ముద్రించేది. కళావిషయంలో ఆ మాట నిలిచింది. డబ్బు విషయం వేరు: ఈ రికార్డుల ఆదాయంతో వాద్యకారుల జీవితం గడవలేదు. స్వేచ్ఛగా వాయించనిచ్చిన చోట బతుకుతెరువు లేదు. బతుకుతెరువు ఉన్న క్లబ్బుల్లో ఈ సంగీతానికి చోటు తగ్గిపోతోంది. ‘ది కాల్’ తరవాతి ఏడాది గ్రైమ్స్ సిసిల్ టేలర్ ‘యూనిట్ స్ట్రక్చర్స్’, డాన్ చెర్రీ ‘సింఫనీ ఫర్ ఇంప్రొవైజర్స్’, ఫారో సాండర్స్ ‘తౌహీద్’ వంటి ప్రధానమైన ఆల్బమ్‌లన్నిటిలో వాయించారు. అంత రాణిస్తున్న వాద్యకారుడికి కూడా న్యూయార్క్‌లో నిలదొక్కుకోవడం కష్టమైంది.

1960ల చివర ఆయన పశ్చిమ తీరానికి వెళ్ళారు. ప్రయాణంలో ఎండకు బేస్ కొయ్య చీలింది. బాగుచేయించుకోవడానికి డబ్బు లేక లాస్ ఏంజిలిస్‌లో ఒక వయొలిన్ తయారీదారుకు 500 డాలర్లకు అమ్మేశారు. ఆ తరవాత మూడు దశాబ్దాలకు పైగా ఆయనకు సొంత బేస్ లేదు. కాపలా పనులు, శుభ్రం చేసే పనులు, కట్టడపు కూలి చేసుకుంటూ, చౌక హోటల్ గదిలో ఉంటూ, కవితలు రాసుకున్నారు. ఆయన చనిపోయారని జాజ్ లోకంలో చాలామంది నమ్మారు. 2002లో జార్జియా రాష్ట్రానికి చెందిన సామాజిక కార్యకర్త, జాజ్ అభిమాని మార్షల్ మారాట్ వెతికి వెతికి ఆయన్ను పట్టుకున్నప్పుడు, 1970లో ఐలర్ మరణించిన సంగతి గ్రైమ్స్‌కు అప్పటికీ తెలియదు. తరవాతి తరం బేసిస్టు, తానూ త్రయాలకు నాయకత్వం వహించిన విలియం పార్కర్, ఆకుపచ్చ రంగు వల్ల ‘ఆలివ్ ఆయిల్’ అని పిలుచుకునే ఒక బేస్‌ను ఆయనకు పంపారు. 2003 మేలో న్యూయార్క్ విజన్ ఉత్సవంలో గ్రైమ్స్ మళ్ళీ వేదిక ఎక్కారు. 2004లో ఫిన్లాండ్‌లోని కెరవా ఉత్సవంలో డేవిడ్ మరే, హమీద్ డ్రేక్‌లతో కలిసి ఆయన త్రయం వాయించిన కచేరీ ఆల్బమ్‌గా వచ్చింది. పెరీ రాబిన్సన్ 2018 డిసెంబర్ 2న మరణించారు. 2020 ఏప్రిల్ 15న గ్రైమ్స్ కోవిడ్‌తో న్యూయార్క్‌లో మరణించారు. యవ్వనంలో ఆయన పక్కన వాయించిన లీ కొనిట్జ్ కూడా అదే నగరంలో, అదే రోజున, అదే వ్యాధితో వెళ్ళిపోయారు.

ఈ కథ తెలిసినవారు ‘ది కాల్’ను తప్పిపోయిన మనిషి వదిలిన చివరి పిలుపుగా వినడం మొదలుపెడతారు. శీర్షిక కూడా ఆ ఊహకు సాయపడుతుంది. ఆ వినికిడి ఆల్బమ్‌ను తగ్గిస్తుంది. 1965 డిసెంబర్‌లో స్టూడియోలోకి వెళ్ళిన గ్రైమ్స్ నగరంలో అందరూ కోరుకునే బేసిస్టుల్లో ఒకరు. ఏ వీడ్కోలూ చెప్పడం లేదు. బేస్ వాయించేవారు బృందాన్ని ఎలా నడపవచ్చో చూపే తొలి ప్రయత్నం అది. రెండో ప్రయత్నానికి ఆయనకు దాదాపు నలభై ఏళ్ళు పట్టడం సంగీతానికి జరిగిన నష్టం.

ఇప్పుడు ఈ ఆల్బమ్ వినదలచినవారికి ఒక ఆచరణ సమస్య ఉంది. ఫోన్‌లకు ఉండే చిన్న స్పీకర్లు మంద్రస్థాయిని దాదాపుగా పలికించలేవు. సెకనుకు 41 నుంచి 100 కంపనాల మధ్య బేస్ చేసే పనంతా వాటిలో మాయమవుతుంది. అలా వింటే ‘ది కాల్’ ఒక క్లారినెట్ ఆల్బమ్‌లా, అందులోనూ కారణం లేకుండా దిశలు మార్చుకునే క్లారినెట్ ఆల్బమ్‌లా వినిపిస్తుంది. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లతోనో, మంద్రం సరిగ్గా పలికే స్పీకర్లతోనో విని, మొదటిసారి క్లారినెట్‌ను వదిలేసి బేస్‌ను మాత్రమే వెంబడిస్తే, రాబిన్సన్ ఎక్కడ ఎందుకు మలుపు తిరిగారో ఆ మలుపుకు అర క్షణం ముందే కింద వినిపిస్తుంది.